పేరు చెప్పిన మందు

మొన్న కంటి ఆపరేషన్‌కని హయత్‌నగర్‌లో ఒక దవాఖానకు వెళ్లాను. అక్కడి డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నా బీపీ చూసింది, రోజూ మింగే గోళీల సంగతి అడిగింది, అంతా అయ్యాక కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "అమ్మమ్మా, ఇవి గాక నాటు మందులు, చూర్ణాలు, కషాయాలు ఏమన్న తీసుకుంటున్నరా? దాయకుండ చెప్పాలె" అంది. నాకు నవ్వు ఆగలేదు. వయసు మీద పడి మతి తప్పిందేమోనని వెంట వచ్చిన మా కోడలు నా మోచేయి గిల్లింది కూడా. "నవ్వుతున్నందుకు ఏమనుకోకు బిడ్డా, గీ మాట మా ఇబ్రహీంపట్నంల నిజాం జమానాలనే అడిగిన మనిషి ఉండె. మా బాపమ్మ" అన్నాను. ఆ పిల్ల మర్యాదకు తలూపి తన పనిలో తాను పడిపోయింది. నాకు మాత్రం గర్వంతో ఛాతీ ఉబ్బిపోయింది. ఆపరేషన్ అయ్యాక చదవడానికీ రాయడానికీ వీల్లేక ఊరికే పడి ఉన్న రోజుల్లో నా కట్టు కింద నాకు కనిపించిందంతా మా పాత ఇల్లే.

మా వైపు నాన్నను బాపు, ఆయనను కన్న తల్లిని బాపమ్మ అంటాం. మా బాపమ్మ పొట్టి మనిషి. గొంతు మాత్రం నాలుగు వీధుల అవతలికి వినిపించేది. తెల్లవారి వాకిలి ఊడ్చి, ఎడ్లకు మేత వేసి, జొన్న గటక తాగి, ఒక చుట్ట కాల్చాక గాని మందుల అర తలుపు తీసేది కాదు. అర అంటే వంటింటి వెనక కిటికీ లేని చిన్న గది. తలుపు తీయగానే ముందు వస కొమ్ము ఘాటు ముక్కుకు తగిలేది. దాని వెనకే జటామాంసి వాసన వచ్చేది, తడిసిన మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్నట్టు ఉండేది. నల్లరాతి కల్వంలో మందు నూరేటప్పుడు తూర్పు ముఖంగా కూర్చుని నోరు బిగించేది. ఎవరైనా పలకరించి, తను జవాబు చెప్పాల్సి వచ్చిందా, ఆ నూరిన మందంతా పెంట మీద పారబోసి మళ్లీ మొదటి నుంచి నూరేది. అందుకే ఆ కాసేపు ఇంట్లో మేమందరం పిల్లుల్లా నడిచేవాళ్లం. ఊరందరి మీదా అరిచే మనిషి నోరు మూసుకుని కూర్చునే సమయం అదొక్కటే కనుక అది మా బాపుకు పండగేనని అమ్మ చాటుగా నవ్వేది.

బాపమ్మ దగ్గరికి ఎక్కువగా వచ్చేది బుగులు పట్టినవాళ్లు. ఇప్పుడు దాన్ని యాంగ్జైటీ అంటున్నారు, మాకు అది బుగులే. గుండె దడదడలాడుతుంది, కంటి మీద కునుకు ఉండదు, ముద్ద గొంతు దిగదు, తలుపు చప్పుడైతే పై ప్రాణాలు పైనే పోతాయి. ఆ కాలంలో బుగులుకు కారణాలు వెతుక్కోనక్కర లేదు. దొర మనుషుల గుర్రం డెక్కల చప్పుడు వింటే చాలు, వెట్టికి ఎవరిని పిలుస్తారో, ఎవరి గాదె ఊడుస్తారో అని సగం ఊరు ఇళ్లలోకి దూరేది. పిల్లలు జడుసుకుంటే వస కొమ్ము కాల్చి తేనెలో రంగరించి నాలుకకు రాసేది. పెద్దవాళ్లకు సరస్వతాకు పాలలో కాచి ఇచ్చేది, బక్కచిక్కినవాళ్లకు పెన్నేరు గడ్డ పొడి. వీటికి లొంగని బుగులుకు 'పెద్ద మందు' అని ఒక వేరు పొడి ఉండేది. వేలిగోటి మీద నిలిచేంత తీసి, చేదు తెలియకుండా బెల్లంలో చుట్టి ఇచ్చేది. గర్భిణికి దాన్ని చచ్చినా ఇచ్చేది కాదు, ముసలివాళ్లకూ ఇచ్చేది కాదు. ఉమ్మెత్త గింజ ఆమె గడప తొక్కలేదు. ఎక్కడో ఎవరో ఉమ్మెత్త ఇస్తే ఒకతను గుడ్డలు విప్పుకుని చేల వెంట పరుగెత్తాడని చెప్పి తుపుక్కున ఉమ్మేసేది. చెట్టు నుంచి వచ్చింది కదా, మంచే చేస్తుందిలే అనే మాట నేను ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ఆ జాగ్రత్త తలచుకుంటే నాకు ఇప్పటికీ గొప్పగా ఉంటుంది.

అయితే ఆ జాగ్రత్తకు ఒక తలుపు మూసి ఉండేది. మందు పేరు బయటికి చెప్పకూడదు. చెబితే మందులో గుణం చచ్చిపోతుంది, చెప్పినవారి హస్తవాసి పోతుంది. ఇది మా ఇంటి నమ్మకమే కాదు, ఆ చుట్టుపక్కల ఆకు నూరే ప్రతి చేతిదీ. నల్లమల నుంచి ఏడాదికోసారి వేర్లు తెచ్చే చెంచు ఆమె కూడా పేరు పలికేది కాదు, ముంత మీద గుడ్డ తీసి చూపించేది, బాపమ్మ వాసన చూసి తలూపేది, ఆమె చాటలో జొన్నలు పోసేది, బేరం అయిపోయేది. బాపమ్మకు ఈ విద్య ఆమె తల్లి ఇచ్చింది. చనిపోయే ముందు తన చేతిలో చెయ్యి వేయించుకుని, మళ్లీ ఈ విద్య ఎవరికి అప్పగిస్తుందో వారి చెవిలో తప్ప ఇంకెక్కడా పేరు ఎత్తనని ఒట్టు పెట్టించుకుందట. మసీదు వీధిలో ఉండే హకీం సాబ్‌దీ అదే పద్ధతి. ఆయన నుస్ఖా, మందులో ఏమేం పడతాయో ఆ లెక్క, ఆయన గుండెలోనే ఉండేది. ఇద్దరూ ఎదురుపడితే మర్యాదగా పలకరించుకునేవారు. నీ పొట్లంలో ఏముందని ఒకరినొకరు అడగడం మాత్రం ఇంకొకరి వంటింట్లో కుండ మూత తీసి చూసినంత తప్పు.

అట్లా ఉండగా మా అమ్మకే బుగులు పట్టింది. నా తర్వాత ఒక కాన్పు పురిట్లోనే పోయింది. మగపిల్లవాడు. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. అత్త చెప్పింది చేయడం, బాపు పెట్టమన్నప్పుడు పెట్టడం తప్ప తనకు ఏది కావాలో చెప్పగా నేను ఎరగను. చాటుగా నవ్వే ఆ కాస్త నవ్వు కూడా ఆగిపోయింది. రొట్టె కొడుతూ కొడుతూ చేతులు ఆపి వాకిలి వైపు చూసేది. దీపం ఆర్పితే లేచి కూర్చునేది. బాపమ్మ మొదట సరస్వతాకు ఇచ్చింది, తర్వాత పెన్నేరు గడ్డ, ఆఖరికి పెద్ద మందు మొదలుపెట్టింది. నిద్ర పట్టింది. కోడలు నిద్రపోతుంటే బాపమ్మ గడపలో కూర్చుని, అలికిడి చేసిన కోడిని కూడా తరిమేసేది. నోటితో ప్రేమ చూపడం ఆమెకు చేతకాదు గానీ ఆ కాపలా నేను చూశాను.

కొన్నాళ్లకు అమ్మ ముక్కు మూసుకుపోయింది. జలుబు లేదు, తుమ్ము లేదు, నోటితో ఊపిరి తీసుకునేది. లేచి నిలబడితే కళ్లు తిరిగి గోడ పట్టుకునేది. దడ తగ్గింది గానీ దాని చోట ఒక మబ్బు వచ్చి కూర్చుంది. పిలిస్తే పలకడానికి కూడా బరువే. బాపమ్మ ముక్కుకు వాము మూట కట్టి పీల్పించింది, రాగి జావ పోసింది, బుగులే ఇంకా దిగలేదనుకుంది. ఆమెకు తెలియని సంగతి ఇంకొకటి పక్కింట్లో జరుగుతోంది.

పక్కిల్లు జైనబ్ చిన్నమ్మది. ఆమె భర్త ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. అమ్మకూ ఆమెకూ మధ్య గోడ ఒకటి ఉండేది, దాని మీదుగా కూర గిన్నెలు, కష్టసుఖాలు అటూ ఇటూ పోయేవి. అమ్మ అంతకంతకూ వాడిపోవడం చూసి చిన్నమ్మకు ఉండబట్టలేదు. కోడలికి హకీం మందు ఇప్పిద్దామని ఎవరైనా అంటే బాపమ్మ విద్యకు తలవంపు, ఇంట్లో పెద్ద గొడవ. అందుకని హకీం సాబ్ దగ్గరికి తనే వెళ్లి, బుగులు తనకే ఉన్నట్టు పరదా వెనక నుంచి చెప్పింది. నిద్ర లేదు, గుండె దడ అంది. ఆయన నాడి పట్టుకుంటే, అబద్ధం చెబుతున్న భయానికి ఆమె గుండె నిజంగానే దడదడ కొట్టుకుంటోంది. నాడి కూడా ఆమె పక్షానే సాక్ష్యం చెప్పింది. ఆయన పొట్లం కట్టి ఇచ్చాడు. చిన్నమ్మ దాన్ని గులాబీ పాకంలో కలిపి గోడ మీదుగా అమ్మకు అందించేది. పొద్దున అత్త మందు, మాపు నేస్తం మందు. ఎవరి మాట కాదనాలన్నా అమ్మకు నోరు రాలేదు, రెండూ మింగింది.

ఒకరోజు పొద్దెక్కిన వేళ అమ్మ బావి నుంచి చేద లాగుతూ లాగుతూ పడిపోయింది. గిరక తిరిగి చేద కింద నీళ్లలో పడ్డ చప్పుడు నాకు ముందు వినిపించింది. అమ్మ గట్టుకు ఇవతల పడటం మా అదృష్టం. బాపు పొలంలో ఉన్నాడు. బాపమ్మా, గోడ దూకి వచ్చిన జైనబ్ చిన్నమ్మా కలిసి మంచం మీదికి చేర్చారు. ఒళ్లు చల్లగా ఉంది, పెదవులు పాలిపోయి ఉన్నాయి. బాపమ్మ చెంపల మీద తట్టి, "సత్తెమ్మా, ఓ సత్తెమ్మా, లే బిడ్డా" అని అరిచింది. ఊరంతా వినిపించే ఆ గొంతు అమ్మకు వినిపించలేదు. చిన్నమ్మ "హకీం సాబ్‌ను తోలుకొస్త అవ్వా" అంటూ జవాబు కోసం ఆగకుండానే పరుగెత్తింది.

హకీం సాబ్ గొడుగు మడుచుకుంటూ వచ్చి అమ్మ మణికట్టు పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "నబ్జ్ మస్తు మెల్లగ నడుస్తున్నది. ఈమెకు ఏం దవా ఇస్తున్నరమ్మా?" అని అడిగాడు. బాపమ్మ నోరు బిగించింది. అప్పుడు జైనబ్ చిన్నమ్మ ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. "తప్పు నాదే సాబ్. నాకని చెప్పి మీ తాన దవా పట్టుకపోయి మా అక్కకు ఇచ్చిన. ఆమె ఎండిపోతుంటె చూడలేకపోయిన" అని ఏడ్చింది. బాపమ్మ ఆమె వంక చూసిన చూపుకు నేను తలుపు వెనక్కి జరిగాను. హకీం సాబ్ ఆమెను లేవమన్నాడు. బాపమ్మ వైపు తిరిగి, "నేను ఇచ్చింది ఏందో నాకెరుక. మీరిచ్చింది చెప్పుండ్రి. అది చల్ల తీరుదైతే ఒక లెక్క చూడాలె, గరం తీరుదైతే ఇంకో లెక్క. ఎరుక లేక నేను ఇంకోటి పోస్తే పానం పోతది" అన్నాడు.

బాపమ్మ అమ్మ ముఖం చూసింది, మందుల అర వైపు చూసింది. తన చేతిని తనే రెండో చేత్తో పట్టుకుంది. తల్లికి ఒట్టు వేసిన చెయ్యి అది, ఎన్నో ఊళ్లు నమ్మిన చెయ్యి. అప్పటికే వాకిట్లో జనం పోగయ్యారు. "నా చెయ్యి పోతే పోనీ" అంది మెల్లగా. తర్వాత తన మామూలు గొంతుతో, వాకిట్లో ఆఖరి మనిషికి కూడా వినిపించేలా, "పాతాళగంధి. పాతాళగంధి వేరు ఇస్తున్న. పొద్దుగాల పొద్దుగాల, బెల్లంల పెట్టి" అని చెప్పింది. లోపలికి పోయి వేరు ముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గోటితో గీరి నాలుక మీద వేసుకున్నాడు, చేదుకు ముఖం ముడుచుకుంది. "నాది గూడ ఇదే అమ్మా. మేము అస్రోల్ అంటం. నేను గూడ ఎవ్వలికీ చెప్పలే" అన్నాడు. ఒకే వేరు రెండు ఇళ్ల నుంచి, రెండు మౌనాల చాటున అమ్మ కడుపులోకి పోయింది.

"ముక్కు బిగుసుకుంటున్నదా ఈమెకు?" అని అడిగాడాయన. బాపమ్మ తల దించుకుని అవునంది. "అది ఈ వేరు ఎక్కువైన నిశాని. దించుటానికి నా తాన దవా లేదు. రెండూ బంద్ పెట్టాలె, గంతే" అన్నాడు. అమ్మ తల కింద దిండు తీసేయించి, కాళ్ల కింద పెట్టించాడు. కంబళి కప్పించాడు. మెలకువ వచ్చేదాకా నోట్లో ఏమీ పోయవద్దని, వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెం తాగించమని, లేపి నిలబెట్టవద్దని చెప్పి, తనూ కదలకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాపమ్మ అమ్మ అరికాళ్లు రుద్దుతూనే ఉంది. పొలం నుంచి పరుగున వచ్చిన బాపు గడపలోనే నిలబడిపోయాడు. నాకు ఆ పూట ఎంత భయం వేసిందంటే, అమ్మ ఊపిరి లెక్కపెట్టడం తప్ప ఏడవడం కూడా మరిచిపోయాను. దీపాల వేళకు అమ్మ కళ్లు తెరిచి, "బర్లకు నీళ్లు పెట్టలే" అంది. బాపమ్మ ఆ మాట విని కొంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మ తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. ముందు ముక్కు తెరుచుకుంది, తర్వాత కళ్లు తిరగడం ఆగింది, మబ్బు అన్నిటికన్నా ఆఖరున వదిలింది. ఈలోగా ఊళ్లో మాట పాకింది. పేరు చెప్పిన మందు ఇంకేం పనిచేస్తుందని కొందరు రావడం మానేశారు. పేరు తెలిసింది కదా మనమే నూరుకోవచ్చని కొందరు అనుకున్నారు, వాళ్ల మీద బాపమ్మ విరుచుకుపడింది. కొన్నాళ్లు కల్వం ముట్టలేదు. చెయ్యి పోయిందనే అనుకుంది పాపం. మళ్లీ ముట్టిన రోజు నుంచి మాత్రం పద్ధతే మారిపోయింది. వచ్చినవాళ్లను వాకిట్లో కూర్చోబెట్టి మొదట అడిగే మాట, "ఇంకేమేం మింగుతున్నవ్? హకీందా, ఇంకెవలిదన్ననా? దాస్తే నీ పానమే పోతది, నాది కాదు." తర్వాత ఆకో వేరో చేతికిచ్చి, పేరు చెప్పి, ఏం మేలు చేస్తుందో, ఏం కీడు చేస్తుందో చెప్పి, వాళ్లతో తిరిగి చెప్పించుకునేది. హకీం సాబ్ కూడా అనుమానం వస్తే మా ఇంటికి మనిషిని పంపి కనుక్కునేవాడు. తల్లికి వేసిన ఒట్టు దాటి, నలుగురిలో తన తప్పు ఒప్పుకుని, అందులోంచి కొత్త పద్ధతి కట్టుకున్న మనిషి మనుమరాలిని నేను. ఇంత గర్వం నాకు నా చదువు వల్లా రాలేదు, నేను రాసిన పుస్తకాల వల్లా రాలేదు.

ఇప్పుడు మా వీధిలో ఆదిభట్లకు కంపెనీ బస్సులో పోయి వచ్చే పిల్లలు ఉన్నారు. వాళ్లకు గుర్రాల భయం లేదు గానీ బుగులు మాత్రం మాకన్నా ఎక్కువే ఉంది. ఫోన్‌లో తెప్పించుకున్న సీసాలు నాకు చూపిస్తారు, మీద పచ్చని ఆకు బొమ్మ, లోపల ఏముందో సన్నని అక్షరాల్లో మొత్తం రాసే ఉంటుంది. "అన్నీ చెట్ల మందులే అమ్మమ్మా, ఏం గాదు" అంటారు. డాక్టరు రాసిన నిద్ర గోళీ కూడా పక్కనే ఉంటుంది, సీసా సంగతి ఆ డాక్టరుకు చెప్పరు. మా కాలంలో పేర్లు దాచి ప్రాణం మీదికి తెచ్చుకున్నాం, ఇప్పుడు పేర్లు కళ్ల ముందు పెట్టినా చదివే తీరిక లేదు. ఆ కాలం బంగారమని నేను అనను, మా అమ్మ బావి గట్టున పడింది ఆ కాలంలోనే. కానీ మందు ఇచ్చిన మనిషి గడపలో కూర్చుని కాపలా కాయడం మాత్రం ఇప్పుడు ఏ సీసాతోనూ రాదు. వాళ్లను తిట్టి, రెండూ పట్టుకుపోయి డాక్టరుకు చూపించమని పంపిస్తుంటాను. తిట్లు మా బాపమ్మవే, అరువు తెచ్చుకున్నాను.

అమ్మ లేచి ఇంట్లో తిరగడం మొదలుపెట్టాక బుగులు మళ్లీ తొంగి చూసింది. మళ్లీ రొట్టె దగ్గర చేతులు ఆగిపోవడం, వాకిలి వైపు చూడటం. బాపమ్మ గమనించింది. ఒక మధ్యాహ్నం వేరు ముక్క తెచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది. "ఇది పాతాళగంధి. నిద్ర పట్టిస్తది. ఎక్కువైతే ఏమైతదో నీకే ఎరుక. ఇయ్యాలంటే జర్రంతనే ఇస్త, పక్కన కూసోని చూసుకుంట. మింగుతవా, వద్దా? నువ్వే చెప్పు" అంది. ఆ ఇంట్లో కోడలిని ఎవరైనా అట్లా అడగడం నేను వినడం అదే మొదలు. అమ్మ నేల మీద గీతలు గీసింది. "వద్దత్తా" అంది చివరికి. బాపమ్మ వేరును కొంగున కట్టుకుంది. "మరేం గావాలె నీకు?"

"పిల్లగాన్ని పెట్టిన జాగ ఒక్కపారి చూడాలె అత్తా. నన్ను ఎవ్వలు తోలుకపోలే. మొకం గూడ చూపియ్యలే" అంది అమ్మ.

మా వైపు ఆడవాళ్లు అటు పోరు. పురిట్లో పోయిన బిడ్డను తల్లికి చూపించరు, మాట కూడా ఎత్తరు, అదే తల్లికి మంచిదంటారు. బాపమ్మ లేచి చెప్పులు తొడుక్కుని, "పా" అంది. పట్టపగలు, ఊరు చూస్తుండగా, కోడలి చెయ్యి పట్టుకుని వీధిలోంచి నడిపించుకుపోయింది. నేను వెనకే పోయాను, ఎవరూ వద్దనలేదు. తంగేడు పొదల పక్కన రాళ్లు పేర్చిన చోటు చూపించి అమ్మను కూర్చోబెట్టి తనూ కూర్చుంది. అమ్మ రాళ్ల మీద చెయ్యి పెట్టి, "ఎట్లుండె అత్తా వాడు?" అని అడిగింది. బాపమ్మ దాచలేదు. "నీ మొకమే బిడ్డా. నెత్తినిండ ఎంటికలుండె. ముక్కు మా వోళ్లది. గుప్పిట్లు గట్టిగ పట్టుకోనుండె, నేనే నీళ్లు పోసిన, నేనే గుడ్డ చుట్టిన" అంది. అమ్మ గొంతెత్తి ఏడ్చింది. బాపమ్మ ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని, అమ్మ అడిగినదానికల్లా జవాబు చెబుతూనే ఉంది.